బ్రాంచి మార్చిన డాక్టర్: యల్లాప్రగడ సుబ్బారావు

యల్లాప్రగడ సుబ్బారావు గారి పేరు మనలో చాలామంది జీకే బిట్‌గా చదివే ఉంటాం. ఏటీపీ, ఫోలిక్ యాసిడ్ అని రెండు ముక్కలు బట్టీ పట్టి పరీక్షయ్యాక వదిలేస్తాం. నిజానికి ఆయన ల్యాబ్ మనిషి అవుదామని బయల్దేరలేదు. పేషెంట్లను చూసే డాక్టర్ అవుదామనే అంత దూరం వెళ్లారు.

పుట్టింది 1895 జనవరి 12న, భీమవరంలో. ఇంట్లో డబ్బుల్లేవు. మెట్రిక్ మూడోసారికి గానీ పాస్ కాలేదు (సప్లీలు రాసేవాళ్లు ఈ లైన్ దాచుకోండి). రామకృష్ణ మఠంలో చేరి సన్యాసం తీసుకుందామనుకుంటే తల్లి వెంకమ్మ గారు ఒప్పుకోలేదు. అలా మద్రాసు మెడికల్ కాలేజీకి వచ్చారు. చదువుకి మామగారు కూడా సాయం చేశారు.

అక్కడ ఆయన్ని దెబ్బ కొట్టింది ఒక గౌను. గాంధీ గారి పిలుపు విని ఖద్దరు సర్జికల్ గౌను వేసుకోవడం మొదలుపెట్టారు. సర్జరీ ప్రొఫెసర్ బ్రాడ్‌ఫీల్డ్‌కి అది నచ్చలేదు. రాత పరీక్షలు బాగానే రాసినా చేతికి ఎంబీబీఎస్ రాలేదు, దానికంటే తక్కువదైన ఎల్ఎంఎస్ వచ్చింది. ఆ పట్టాతో మద్రాసు మెడికల్ సర్వీసులో ఉద్యోగం దొరకలేదు. ఆచంట లక్ష్మీపతి గారి ఆయుర్వేద కాలేజీలో అనాటమీ చెప్పుకుంటూ ఉండిపోయారు.

ఈలోపు ఇంట్లో ఘోరం జరిగింది. అన్నదమ్ముల్లో ఇద్దరు రోజుల తేడాలో స్ప్రూ అనే జబ్బుతో పోయారు. స్ప్రూ అంటే పేగులు తిన్నదాన్ని పీల్చుకోలేకపోవడం. విరేచనాలు తగ్గవు, రక్తం తగ్గిపోతుంది, మనిషి ఎండిపోతాడు. సుబ్బారావు గారికీ అదే జబ్బు వచ్చి, లక్ష్మీపతి గారి వైద్యంతో బయటపడ్డారు. 1920ల మొదట్లో ఆయన హార్వర్డ్‌లో ట్రాపికల్ మెడిసిన్ చదవడానికి వెళ్లారంటే దాని వెనక ఇదంతా ఉంది. కాకినాడలోని మల్లాడి సత్యలింగ నాయకర్ ఛారిటీస్ వాళ్లు డబ్బు సాయం చేశారు. భార్య శేషగిరి గారు ఇక్కడే ఉండిపోయారు. బోస్టన్‌లో స్కాలర్‌షిప్ లేదు కాబట్టి పగలు క్లాసులు, రాత్రి ఆస్పత్రిలో పోర్టర్ పని. రోగుల మలమూత్రాల పాత్రలు కడిగే పని అన్నమాట.

1924లో డిప్లొమా వచ్చింది. ఇప్పుడు ఏం చేయాలి? ఇంటికి తిరిగొచ్చి, ఏ జబ్బుల కోసం చదివారో ఆ జబ్బులకే వైద్యం చేయొచ్చు. ఇంట్లో ఎదురుచూసింది కూడా అదే. ఆయన మాత్రం బయోకెమిస్ట్రీలో సైరస్ ఫిస్క్ దగ్గర చేరిపోయారు. పేషెంటే కనిపించని బ్రాంచి. మళ్లీ కింది మెట్టు నుంచి మొదలు.

నేను ఈ కథ చదవడానికి కారణం మా నాచారంలో ఉండే మా పెద్దమ్మ కూతురు. అక్కకి ఎంబీబీఎస్ అయిపోయింది, పీజీ కౌన్సెలింగ్‌లో వెబ్ ఆప్షన్స్ పెట్టాలి. మొన్నటిదాకా పీడియాట్రిక్స్ అంది, ఇప్పుడు బయోకెమిస్ట్రీ అంటోంది. పేషెంట్ నాడి పట్టని డాక్టర్‌ని డాక్టర్ అంటారా అని ఇంట్లో పెద్ద గొడవ. నాన్-క్లినికల్ అనగానే మనవాళ్లకి అదేదో ర్యాంకు రానివాళ్ల బ్రాంచి. ఎవరికి ఏది మంచిదో చెప్పడానికి నేనెవర్ని గానీ, సుబ్బారావు గారి విషయంలో ఆ లెక్క సరిపోదు.

1925లో ఫిస్క్, సుబ్బారావు కలిసి రక్తంలో, మూత్రంలో ఫాస్ఫరస్ ఎంతుందో కొలిచే పద్ధతి ఇచ్చారు. మాలిబ్డేట్‌తో నీలం రంగు తెప్పించి, ఆ రంగు ఎంత చిక్కగా ఉందో చూసి లెక్కగడతారు. మనం ఎవరు రాశారో చూడకుండా వాడేసే లైబ్రరీ ఫంక్షన్ లాగా ల్యాబులన్నీ దాన్ని వాడేసుకున్నాయి. అదే పద్ధతి పట్టుకుని కండరాల్లో వెతికితే 1927లో ఫాస్ఫోక్రియాటిన్, 1929లో ఏటీపీ దొరికాయి. అదే ఏడాది జర్మనీలో లోమన్ కూడా ఏటీపీని విడిగా కనుక్కున్నాడు. 1930లో సుబ్బారావు గారికి పీహెచ్‌డీ వచ్చింది. హార్వర్డ్‌లో పర్మనెంట్ పోస్టు మాత్రం రాలేదు.

1940లో ఇంకోసారి దారి మార్చారు. యూనివర్సిటీ వదిలేసి న్యూయార్క్ రాష్ట్రంలోని పెర్ల్ రివర్‌లో లెడర్లీ మందుల కంపెనీకి వెళ్లారు. అక్కడ ఆయన టీమ్ ఫోలిక్ యాసిడ్‌ని వేరుచేసి, ల్యాబ్‌లో తయారుచేసింది. స్ప్రూ రోగుల్లో రక్తహీనతకి అది పనిచేసింది. తమ్ముళ్లకో అన్నలకో తను అందించలేకపోయిన మందు, ట్రాపికల్ మెడిసిన్ వదిలేసిన ఇరవై ఏళ్లకి, వేరే దారిలో వచ్చింది. అదే ఫోలిక్ యాసిడ్ రూపాన్ని కాస్త మార్చి, దానికి అడ్డుపడే అమినోప్టెరిన్ చేశారు. బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ దాన్ని లుకేమియా పిల్లలకి ఇస్తే కొందరిలో జబ్బు కొన్నాళ్లు వెనక్కి తగ్గింది. బోదకాలుకి మన దగ్గర ఇంటింటికీ తిరిగి పంచే డీఈసీ మాత్రలు కూడా ఆ ల్యాబ్ నుంచి వచ్చినవే. నాచారం ఈఎస్ఐ ఆస్పత్రి చుట్టుపక్కల ఏ మందుల షాపులో అడిగినా ఫోలిక్ యాసిడ్ మాత్ర దొరుకుతుంది. డబ్బా మీద ఆయన పేరేం ఉండదు.

ఇవన్నీ రాసేవాళ్లు శేషగిరి గారి గురించి ఒక లైన్‌తో సరిపెడతారు. అది నాకు నచ్చదు. కొన్నేళ్లలో వస్తాడని పంపిన భర్త ఆమెకి మళ్లీ కనపడలేదు. ఆయన వెళ్లాక పుట్టిన కొడుకు పసితనంలోనే చనిపోయాడు, తండ్రి వాడి మొహం కూడా చూడలేదు. బ్రాంచి మార్చింది ఆయనే అయినా ఎక్కువ కట్టింది ఆమె అనిపిస్తుంది నాకు.

1948లో ఆయన డైరెక్టర్‌గా ఉన్న ల్యాబ్ నుంచి ఆరియోమైసిన్ వచ్చింది, టెట్రాసైక్లిన్ మందుల్లో మొదటిది. దాన్ని మట్టిలోని సూక్ష్మజీవి నుంచి పట్టుకున్నది బెంజమిన్ డగ్గర్. ఆ ఏడాది ఆగస్టులోనే సుబ్బారావు గారు నిద్రలో పోయారు. 53 ఏళ్లు. ఇండియాకి ఒక్కసారి కూడా తిరిగి రాలేదు.