చలనచిత్ర పితామహుడు రఘుపతి వెంకయ్య నాయుడు

మహనీయుల జీవితాలను చదివేటప్పుడు వారు ఏమి సాధించారని మాత్రమే కాక, ఏ సత్యాన్ని ఆశ్రయించి సాధించారని కూడా విచారించడం విద్యార్థులకు మేలు. తెలుగు సినిమా పితామహునిగా పేరొందిన రఘుపతి వెంకయ్య నాయుడుగారి జీవితాన్ని మేము ఈ దృష్టితోనే పరిశీలించదలచాము. ఆయన మన కృష్ణా డెల్టాకు చెందినవారు. ఆయన తన సర్వస్వాన్నీ ఒడ్డినది ఒక విచిత్రమైన సత్యం మీద: సినిమాలోని కదలిక తెరమీద లేదు, చూసేవారి మెదడులో ఉన్నది.

వెంకయ్యగారు 1869 అక్టోబరు 15న మచిలీపట్నంలో జన్మించారు. యౌవనంలోనే మద్రాసు చేరి ఛాయాగ్రహణాన్ని వృత్తిగా స్వీకరించారు. మౌంటురోడ్డులో స్టూడియో నెలకొల్పి పేరు గడించారు. ఆనాడు ఫోటో తీయించుకోవడమంటే ఊపిరి బిగబట్టి కదలకుండా కూర్చోవడమే. మనిషి కదిలితే రూపం చెదిరిపోయేది. అంటే కదలికను ఆపడం ఆయన నేర్చిన మొదటి విద్య. ఆగిన బొమ్మలను కదిలించడం రెండవ విద్య అయింది.

1896 జులైలో బొంబాయిలో లూమియర్ సోదరుల చిత్రాలను ప్రదర్శించిన నాటినుండి కదిలే బొమ్మల వార్త దేశమంతటా పాకింది. 1909 ప్రాంతంలో క్రోనో మెగాఫోన్ అనే యంత్రాన్ని గురించి వెంకయ్యగారు తెలుసుకున్నారు. ఒక ప్రక్క తెరమీద బొమ్మ నడుస్తూ ఉంటే, మరొక ప్రక్క గ్రామఫోను రికార్డు పాటనో మాటనో వినిపించేది. నిలకడగా సాగుతున్న స్టూడియోను తాకట్టు పెట్టి ఆయన ఆ యంత్రాన్ని తెప్పించారు. మద్రాసు విక్టోరియా పబ్లిక్ హాలులో చిన్న చిన్న చిత్రాలు ప్రదర్శించారు. తరువాత డేరాలు కట్టుకొని దక్షిణ దేశమంతటా తిరిగారు. సింహళానికీ బర్మాకూ కూడా వెళ్లారు.

ఆ డేరాలలో కూర్చున్న ప్రేక్షకులు నిజానికి చూసినదేమిటి? సెకనుకు సుమారు 16 నిశ్చల చిత్రాలు. ఒక చిత్రం వచ్చి క్షణకాలం నిలిచేది. అది తొలగేటప్పుడు యంత్రంలోని రెక్క వెలుగును మూసివేసేది, ఆ చీకటిలో తరువాతి చిత్రం వచ్చి నిలిచేది. మిణుకు కనబడకుండా ఉండేందుకు ఒక్కొక్క చిత్రాన్నే రెండు మూడు పర్యాయాలు మూసి తెరిచేవారు. ఆటలో కొంతభాగం ప్రేక్షకులు చీకటి తెరనే చూసేవారన్నమాట. అయినా ఒక్కరికీ ఆ చీకటి కనబడలేదు, గుర్రం పరుగెత్తడమే కనబడింది.

కంటిలో ఒక బొమ్మ చెరగక ముందే మరొకటి వచ్చి అతుక్కొనడమే దీనికి కారణమని చాలాకాలం బోధించారు. ఈ వివరణ చాలదు. బొమ్మలు అలా ఒకదానిమీద ఒకటి పడితే కనబడవలసినది అలుకుడే గాని పరుగు కాదు. వెంకయ్యగారు డేరాలతో తిరుగుతున్న రోజుల్లోనే, 1912లో, జర్మనీలో మాక్స్ వెర్త్‌హైమర్ అనే మనస్తత్వ శాస్త్రజ్ఞుడు దీనిపై తన పరిశోధనను ప్రకటించాడు. రెండు గీతలను తగిన వ్యవధిలో ఒకదాని తరువాత ఒకటి చూపితే, ఒకే గీత ఇటునుండి అటు జరిగినట్లు కనబడుతుందని నిరూపించాడు. జరిగిన వస్తువు ఏదీ లేదు. జరుగుదల మెదడు కల్పించినది.

ఈ భావానికి మూలం ఇంకా ప్రాచీనం. 11వ శతాబ్దంలో కైరో నగరంలో నివసించిన ఇబ్నుల్ హైసమ్ తన కితాబుల్ మనాజిర్ అనే గ్రంథంలో, చూపు కంటినుండి వెలువడదనీ వెలుగే కంటిలో ప్రవేశిస్తుందనీ స్థాపించాడు. అంతటితో ఆగక, వస్తువును గుర్తించడంలో పూర్వస్మృతికీ వివేచనకూ పాత్ర ఉన్నదని వివరించాడు. నేటి శాస్త్రం ఆ దారినే చాలా దూరం వెళ్లింది. కంటినుండి సుమారు 10 లక్షల నరపు పోగులు మెదడుకు వార్త మోస్తాయి. తల వెనుక భాగంలో రూపాన్నీ రంగునూ చలనాన్నీ చాలవరకు వేర్వేరు స్థానాలు విచారిస్తాయి. చలనాన్ని గ్రహించే స్థానం దెబ్బతిన్న ఒక స్త్రీని గురించి జర్మనీ వైద్యులు 1983లో ప్రకటించారు. ఆమెకు వస్తువులు కనబడేవి, రంగులు కనబడేవి. కప్పులో పోస్తున్న తేనీరు మాత్రం గడ్డకట్టినట్లు కనబడేది. దూరాన ఉన్న వాహనం రాకడ తెలియకుండానే దగ్గరకు వచ్చి ఉండేది. వెంకయ్యగారి తెర ఆమె ముందు ఎంత సేపు ఆడినా ఏమి లాభం!

విద్యార్థులు ఈ సంగతిని స్వయంగా పరీక్షించవచ్చు. అద్దంలో మీ ఎడమ కంటిని చూసి వెంటనే కుడి కంటిని చూడండి. మీ కళ్లు కదలడం మీకు కనబడదు, ప్రక్కన నిలిచిన మిత్రునికి కనబడుతుంది. చూపు గంతువేసే క్షణంలో కలిగే చెదరును మెదడు మనకు తెలియనీయదు. అలాగే ఖాళీ గోడమీద చూపును నెమ్మదిగా జరపబోతే అది గంతులుగానే సాగుతుంది. బందరు కాలువలో కొట్టుకుపోయే గుర్రపుడెక్క గుబురును చూస్తే అదే చూపు నునుపుగా దాని వెంట పోతుంది.

ధ్వనిని జతపరచడం మరింత కష్టమైంది. కాలువ ఆవలి గట్టున రేవులో బట్టలు ఉతుకుతూ ఉంటే దెబ్బ ముందు కనబడి, చప్పుడు తరువాత వినబడుతుంది. దూరం కొద్దిగా ఉంటే మెదడు ఆ రెంటినీ ఒకటిగా కలుపుకుంటుంది, ఎక్కువైతే కలుపుకోలేదు. రికార్డు ఒక యంత్రం, బొమ్మ మరొక యంత్రం అయినప్పుడు ఈ పొత్తు ఎప్పుడు చెడేదో చెప్పలేము. అందుచేతనే అటువంటి యంత్రాలు ఎక్కువ కాలం నిలువలేదు.

వెంకయ్యగారు వెనుదీయలేదు. 1910వ దశకంలో మద్రాసులో గెయిటీ అనే సినిమా మందిరాన్ని నిర్మించారు. దక్షిణ దేశంలో భారతీయులు కట్టిన తొలి సినిమా మందిరాలలో అది ముఖ్యమైనది. కుమారుడు సూర్యప్రకాశ్‌ను విదేశాలకు పంపి చలనచిత్ర నిర్మాణం నేర్పించారు. తండ్రీకొడుకులు స్టార్ ఆఫ్ ది ఈస్ట్ అనే సంస్థను స్థాపించారు. 1921లో ప్రకాశ్ దర్శకత్వంలో భీష్మ ప్రతిజ్ఞ అనే మూకీ చిత్రం వెలువడింది. అదే సంవత్సరం బెజవాడలో పోతిన శ్రీనివాసరావుగారు మారుతి సినిమా మందిరాన్ని నెలకొల్పారు. మాటలేని బొమ్మకు మాటను, ఆగిన బొమ్మకు నడకను మన ఊరి ప్రేక్షకులు సైతం తమ మనస్సులలోనే అందించుకున్నారు.

కాలక్రమంలో వ్యాపారం దెబ్బతిన్నది. సంపాదించినది చాలావరకు చేజారింది. 1941 మార్చి 15న వెంకయ్యగారు కన్నుమూశారు. 1980లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఆయన పేర సినీరంగ పురస్కారాన్ని నెలకొల్పింది.

భీష్మ ప్రతిజ్ఞ ప్రతి నేడు లభ్యం కాదు. ఆనాటి ఫిల్ము త్వరగా నశించేది, సులువుగా అంటుకొనేది. మెదడు కూడా ఫిల్మువంటిది కాదు. చూసిన ప్రతిదాన్నీ అది భద్రపరచదు. మనస్సు నిలిపి చూసినదానిలోని సారాన్ని ఉంచుకొని, తలచుకున్న ప్రతిసారీ మళ్లీ అల్లుకుంటుంది. మనస్సు పెట్టని చూపు కంటివరకు వచ్చి అక్కడే అంతమవుతుంది. నేటి సెల్‌ఫోను తెరమీద కదిలేవి కూడా నిశ్చల చిత్రాలే, వాటికి ప్రాణం పోసేది మన మెదడే. ఒకదాని వెంట ఒకటిగా వందల దృశ్యాలను త్రోసివేస్తూ పోయే విద్యార్థికి సాయంకాలానికి ఏదీ జ్ఞాపకం ఉండకపోవడం వింత కాదు. స్టూడియోను తాకట్టు పెట్టిన వెంకయ్యగారు ప్రేక్షకుడు తన వంతు పని చేస్తాడని నమ్మారు. తరగతి గదిలో నల్లబల్ల ముందు నిలిచే మా వంటివారి నమ్మకమూ అదే. మేము చూపగలిగినది సగం. మిగిలిన సగం మా విద్యార్థుల వద్ద ఉన్నది.