జిమ్ థోర్ప్: ఆర్మీ టీమ్‌నే మట్టికరిపించిన ఆదివాసీ కుర్రాడు.. మెడల్స్ లాక్కున్నారు, న్యాయం జరగడానికి వందేళ్లు దాటింది!

ఒలింపిక్స్‌లో రెండు గోల్డ్ మెడల్స్. నాలుగు నెలలు తిరక్కుండానే అమెరికా ఆర్మీ కాలేజీ టీమ్‌పై తిరుగులేని విజయం. ఆ తర్వాత రెండు నెలలకే ఆ మెడల్స్ వెనక్కి ఇచ్చేయాలంటూ ఆర్డర్. ఒక్క సీజన్‌లో ఇన్ని మలుపులు చూసిన ఆటగాడు జిమ్ థోర్ప్. ఇంతకీ ఎవరీయన? అసలేం జరిగింది?

జుట్టు కత్తిరించారు.. మాట మాన్పించారు

ఇప్పటి ఓక్లహోమా ప్రాంతంలో, శాక్ అండ్ ఫాక్స్ అనే ఆదివాసీ తెగలో జిమ్ పుట్టాడు. కవల సోదరుడు చార్లీ చిన్నతనంలోనే న్యుమోనియాతో చనిపోయాడు. 1904లో జిమ్‌ని పెన్సిల్వేనియాలోని కార్లైల్ ఇండియన్ స్కూల్‌కి పంపించారు.

పాత సైనిక బ్యారక్స్‌లో 1879లో మొదలైన స్కూల్ అది. ఆదివాసీ పిల్లల్ని తెల్లవాళ్లలా మార్చేయడమే దాని టార్గెట్. వచ్చిన వెంటనే జుట్టు కత్తిరించేవాళ్లు. సొంత భాష మాట్లాడితే శిక్ష. చాలామంది పిల్లలు అక్కడే కన్నుమూశారు కూడా.

అలాంటి చోట కుర్రాళ్లకు దొరికిన ఒకే ఒక్క ఊరట ఫుట్‌బాల్. ఇది మనం చూసే ఫుట్‌బాల్ కాదు. బంతిని చేత్తో పట్టుకుని, మీద పడేవాళ్లని తప్పించుకుంటూ గీత దాటే అమెరికన్ ఫుట్‌బాల్. దాటితే టచ్‌డౌన్. కార్లైల్ అసలు కాలేజీయే కాదు. అయినా కోచ్ పాప్ వార్నర్ ఈ టీమ్‌ని పెద్ద పెద్ద యూనివర్సిటీల మీదకి దించాడు. 1911లో హార్వర్డ్‌ని 18-15తో ఓడించారు. కాలికి కట్టు కట్టుకునే ఆడిన జిమ్ ఆ రోజు నాలుగు ఫీల్డ్ గోల్స్ కొట్టాడు.

1912 సీజన్.. ఎదురుగా సైన్యం

1912 జులైలో స్టాక్‌హోమ్ ఒలింపిక్స్. పెంటాథ్లాన్, డెకాథ్లాన్ రెండింట్లోనూ జిమ్‌దే గోల్డ్. తిరిగొచ్చాక సన్మానాలయ్యాయి. ఆ వెంటనే మళ్లీ స్కూల్ జెర్సీ వేసుకుని గ్రౌండ్‌లోకి దిగిపోయాడు.

నవంబర్ 9న వెస్ట్ పాయింట్‌లో అసలు మ్యాచ్. అవతల ఉన్నది కాబోయే ఆర్మీ ఆఫీసర్లు. దాదాపు 22 ఏళ్ల కిందట, 1890 చివర్లో, వూండెడ్ నీ దగ్గర అమెరికా సైన్యం ఆదివాసీలను ఊచకోత కోసింది. కార్లైల్ కుర్రాళ్లకి ఇది మామూలు మ్యాచ్ ఎలా అవుతుంది?

ఫస్ట్ స్కోర్ ఆర్మీదే. కానీ ఆ తర్వాత సీన్ మారిపోయింది. జిమ్‌ని ఆపుదామని ఇద్దరు ముగ్గురు అటు పరిగెడితే, సహచరులు ఇటు నుంచి దూసుకెళ్లారు. ఫైనల్ స్కోర్ 27-6. జిమ్‌ని పడగొట్టాలని చూసి వల్లకాని ఆర్మీ ఆటగాళ్లలో ఒకరు డ్వైట్ ఐసెన్‌హోవర్. అవును, తర్వాత అమెరికా ప్రెసిడెంట్ అయిన ఆయనే!

మరుసటి వారం పెన్సిల్వేనియా యూనివర్సిటీ చేతిలో 34-26తో ఓటమి. ఆ సీజన్ మొత్తంలో ఓడింది అదొక్కటే. ఆఖరి మ్యాచ్‌లో బ్రౌన్‌ని 32-0తో చిత్తు చేశారు. మొత్తం 12 గెలుపులు, 1 డ్రా, 1 ఓటమి.

జనవరిలో పిడుగు

1913 జనవరిలో పేపర్లో ఓ వార్త వచ్చింది. జిమ్ 1909, 1910 వేసవుల్లో నార్త్ కరోలినాలో డబ్బు తీసుకుని బేస్‌బాల్ ఆడాడని. అప్పట్లో ఒలింపిక్స్ కేవలం అమెచ్యూర్లకే. నిజానికి చాలామంది కాలేజీ కుర్రాళ్లు దొంగ పేర్లతో ఇదే పని చేసేవాళ్లు. జిమ్ మాత్రం సొంత పేరుతో ఆడాడు. అదే ఆయన కొంప ముంచింది.

రూల్ ప్రకారం అభ్యంతరాలుంటే గేమ్స్ ముగిసిన 30 రోజుల్లోపే చెప్పాలి. అప్పటికి ఆరు నెలలు గడిచిపోయాయి. అయినా మెడల్స్ లాగేసుకున్నారు. ఈ బేస్‌బాల్ సంగతి మాకు తెలీదని స్కూల్, కోచ్ చేతులు దులిపేసుకున్నారు. ఆ మాట నమ్మని చరిత్రకారులు చాలామంది. ఇంకో విషయం.. ఆదివాసీలందరికీ అమెరికా పౌరసత్వం దక్కింది 1924లోనే!

చివరికి ఏమైంది?

ఆ తర్వాత జిమ్ ప్రొఫెషనల్ బేస్‌బాల్, ఫుట్‌బాల్ ఆడాడు. ఇప్పటి ఎన్‌ఎఫ్‌ఎల్‌గా మారిన లీగ్‌కి 1920లో తొలి ప్రెసిడెంట్ ఆయనే. ఆట అయిపోయాక మాత్రం కష్టాలే. కూలి పని, సినిమాల్లో చిన్నాచితకా వేషాలు. 1953 మార్చి 28న కాలిఫోర్నియాలోని లోమిటాలో, ఓ ట్రైలర్ ఇంట్లో కన్నుమూశాడు. ఆ రోజుకి ఐసెన్‌హోవర్ వైట్‌హౌస్‌లోకి వచ్చి రెండు నెలలే అయింది.

1982లో ఒలింపిక్ కమిటీ పేరు తిరిగి చేర్చింది. అదీ సగమే, మరొకరితో కలిపి విజేతగా. 30 రోజుల రూల్ పుస్తకంలో మొదటి నుంచీ ఉంది. అయినా జిమ్ ఒక్కడే విజేత అని ఒప్పుకోవడానికి 2022 జులై దాకా పట్టింది. అప్పటికి ఆయన పోయి 69 ఏళ్లు.