ఇంజినీరింగ్ చదివి, కెమెరా పట్టి: రాజా దీన్‌దయాళ్ జీవితం



2024 ఆగస్టులో మన పాల్వంచలో కేటీపీఎస్ పాత ప్లాంటు కూలింగ్ టవర్లు ఎనిమిదింటినీ కూల్చివేశారు. ఆ రోజు ఊళ్లో చాలామంది చేతుల్లో ఫోన్లు ఉన్నాయి. టవర్లు కూలే దృశ్యం ఎన్నో ఇళ్లలో వీడియోగా మిగిలింది. కానీ అవి నిలబడి ఉన్న ఇన్నేళ్లలో వాటిని గానీ, వాటి నీడలో పనిచేసిన మనుషులను గానీ శ్రద్ధగా ఫొటో తీసి దాచుకున్నవారు మనలో ఎంతమంది? రోజూ కళ్లెదుట ఉండేదాన్ని అది పోకముందే చూడగలగడం గొప్ప ఫొటోగ్రాఫర్ లక్షణం. పాల్వంచ నిజాం రాజ్యంలో ఒక సంస్థానంగా ఉన్న రోజుల్లో అలాంటి చూపున్న మనిషి ఒకరు సికింద్రాబాద్‌లో స్టూడియో నడిపారు. ఆయనే రాజా దీన్‌దయాళ్.

దీన్‌దయాళ్ 1844లో మీరట్ దగ్గరి సర్ధానాలో ఒక జైన కుటుంబంలో పుట్టారు. రూర్కీలోని థామసన్ కాలేజీలో ఇంజినీరింగ్ చదివారు. 1866లో ఇందోర్‌లో ప్రజా పనుల శాఖలో డ్రాఫ్ట్స్‌మన్‌గా చేరారు. కట్టడాల కొలతలు తీసుకోవడం, ప్లాన్లు గీయడం, ఖర్చు అంచనా వేయడం ఆయన పని. ప్రభుత్వ ఉద్యోగం, నెలనెలా జీతం. అప్పట్లో ఏ తల్లిదండ్రులైనా ఇంతకంటే ఏం కోరుకుంటారు?

ముప్పై ఏళ్ల వయసులో, 1874 ప్రాంతంలో, ఆయన కెమెరా పట్టారు. అప్పుడు ఫొటో తీయడమంటే చిన్న పని కాదు. గాజు పలకకు రసాయనం పూసి, తడి ఆరకముందే కెమెరాలో పెట్టి చిత్రం తీయాలి. వెంటనే చీకటి గుడారంలోకి వెళ్లి కడగాలి. ఒక్క పలక మీద ఒక్క చిత్రమే. పొరపాటు జరిగితే మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టాలి. అందుకే పలక బయటికి తీయకముందే వెలుగు ఎటు నుంచి వస్తోంది, ఎక్కడ నిలబడాలి, ఫ్రేములోకి ఏది రావాలి, ఏది రాకూడదు అన్నది మనసులో తేల్చుకోవాలి. కట్టడాన్ని కొలిచి చూడటం అలవాటైన ఇంజినీరు కన్ను ఆయనకు ఇక్కడ పనికొచ్చింది. కోటలు, దేవాలయాల ఫొటోల్లో ఆయన గీతలు అంత నిటారుగా ఉండటానికి ఆ చదువు కూడా ఒక కారణమే.

ఉద్యోగం చేస్తూనే ఆయన పని నేర్చుకున్నారు. మధ్య భారతంలో గవర్నర్ జనరల్ ఏజెంటుగా ఉన్న సర్ హెన్రీ డాలీ ఆయనను ప్రోత్సహించారు. 1880ల మొదట్లో డాలీ తర్వాత వచ్చిన సర్ లెపెల్ గ్రిఫిన్‌తో కలిసి బుందేల్‌ఖండ్ ప్రాంతమంతా తిరిగి అక్కడి కోటలను, గుడులను చిత్రించారు. ఆ ఫొటోలతో 1886లో మధ్య భారత కట్టడాలపై ఒక పెద్ద పుస్తకం వెలువడింది. ఈ పని మీద నమ్మకం కుదిరాకే ఆయన ఉద్యోగం వదిలారు. చేతిలో పనితనం లేకుండా ఇష్టం ఒక్కదాన్నే నమ్ముకుని దూకలేదు. పదేళ్లు రెండూ మోశారు.

1880ల మధ్యలో ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ ఆయనను ఆస్థాన ఫొటోగ్రాఫర్‌గా నియమించారు. 1886లో సికింద్రాబాద్‌లో స్టూడియో తెరిచారు. తర్వాత బొంబాయిలోనూ ఒకటి పెట్టారు. నిజాం ఆయనకు రాజా బిరుదునిచ్చారు. విక్టోరియా మహారాణి ఫొటోగ్రాఫర్‌గా అధికారిక గుర్తింపు కూడా దక్కింది.

అయితే బిరుదుల కంటే పిల్లలకు చెప్పవలసిన విషయాలు రెండున్నాయి.

మొదటిది మర్యాద. ఆ రోజుల్లో పరదా పాటించే కుటుంబాల స్త్రీలు మగ ఫొటోగ్రాఫర్ ఎదుట కూర్చునేవారు కాదు. దీన్‌దయాళ్ వారిని తప్పుపట్టలేదు, బలవంతపెట్టలేదు. 1892లో హైదరాబాద్‌లో స్త్రీల కోసమే జనానా స్టూడియో ప్రారంభించారు. చుట్టూ ఎత్తైన గోడలు కట్టించి, నిర్వహణ బాధ్యతను మిసెస్ కెన్నీ లెవిక్ అనే బ్రిటిష్ మహిళకు అప్పగించారు. ఎదుటివారి ఇబ్బందిని గుర్తించి, తన పద్ధతిని మార్చుకున్నారు. మనిషి ఫొటో బాగా రావాలంటే ముందు ఆ మనిషికి మన మీద నమ్మకం కలగాలి.

రెండోది సమదృష్టి. నవాబుల విందులు, వేటలు, అద్దాల దీపాల హాళ్లు తీసిన ఆ స్టూడియోయే 1899-1900 కరవు రోజుల్లో ఔరంగాబాద్ ప్రాంతపు సహాయక పనులనూ చిత్రించింది. రాజ్యం చేసిన మంచిపనికి రుజువుగా తీయించిన ఫొటోలైనా, ఎముకలు తేలిన మనుషులు అందులో ఉన్నారు. నిజాం కొలువు చూసిన కెమెరాయే వారినీ చూసింది. ఈ రోజు ఆ కాలాన్ని అర్థం చేసుకోవాలంటే మనకు రెండు రకాల ఫొటోలూ కావాలి.

దీన్‌దయాళ్ 1905లో కన్నుమూశారు. మూడేళ్లకే 1908 సెప్టెంబరులో మూసీ వరద హైదరాబాద్‌ను ముంచెత్తింది. ఆయన చిత్రించిన బషీర్‌బాగ్ ప్యాలెస్ ఇప్పుడు లేదు. పేరు మాత్రం ఆ ప్రాంతానికి మిగిలింది. ఆ భవనం లోపల ఎలా ఉండేదో ఆయన ఫొటోల వల్లే చూడగలుగుతున్నాం. ఆయన గాజు నెగెటివ్‌లు 2,857 ఢిల్లీలోని ఇందిరాగాంధీ జాతీయ కళా కేంద్రంలో ఉన్నాయి. గాజు పగిలితే చరిత్ర పగిలినట్టే. వాటిని జాగ్రత్తగా దాచినవారి ఓపిక కూడా ఈ కథలో భాగం. 2006లో తపాలా శాఖ ఆయన పేరిట స్టాంపు విడుదల చేసింది.

మీ అబ్బాయో అమ్మాయో ఫోన్‌తో ఎప్పుడూ ఫొటోలు తీస్తుంటే చదువు పాడవుతుందని మీకు భయం వేయడం సహజం. దీన్‌దయాళ్ జీవితంలో మాత్రం చదువూ కెమెరా ఒకదానికొకటి అడ్డు రాలేదు. రూర్కీలో నేర్చిన కొలత కెమెరాకు పనికొచ్చింది. కెమెరా నేర్పిన ఓపిక జీవితాంతం ఉపయోగపడింది.

ఈ నెల సెలవు రోజున పిల్లలను కిన్నెరసానికో, పెద్దమ్మతల్లి గుడికో తీసుకెళ్లినప్పుడు ఒక చిన్న నియమం పెట్టి చూడండి. రోజంతటికీ ఐదే ఫొటోలు. మనుషులను తీసేముందు వారిని అడగాలి. ఇంటికొచ్చాక ఒక్కో ఫొటోకి తేదీ, చోటు, అందులో ఉన్నవారి పేర్లు నోటుబుక్కులో రాయాలి. మొదటి ఫొటో ఇంట్లో నాయనమ్మదో, అమ్మమ్మదో అయితే మరీ మంచిది. ఐదే ఉన్నాయని తెలిసినప్పుడు పిల్లలు నొక్కేముందు ఒక్క క్షణం ఆగుతారు. ఆ ఒక్క క్షణమే మనం వారికి నేర్పాలనుకుంటున్నది.