గణితాచార్యుడు జార్జి పోల్యా

హంగరీ దేశపు రాజధానియైన బుడాపెస్టు నగరమున 1887వ సంవత్సరము డిసెంబరు 13వ తేదీన జార్జి పోల్యా జన్మించెను. తండ్రి న్యాయవాది. 1897లో ఆయన మరణించుటచే కుటుంబభారము తల్లిపై బడెను. పాఠశాలలో పోల్యాకు ప్రీతిపాత్రములైనవి సాహిత్యము, జీవశాస్త్రము. గణితముపై ఆయనకు ప్రత్యేకాభిమానము లేకుండెను. ఆ అభిమానమును పుట్టింపదగిన ఉపాధ్యాయులు లభించుట ఎల్లరకు సాధ్యమా?

ఆ దేశమున పాఠశాల చదువు ముగించిన విద్యార్థులకు 1894 నుండి ఒక గణితపు పోటీపరీక్ష జరుగుచుండెను. ఎట్వెషు అను శాస్త్రజ్ఞుని పేర వెలసిన ఆ పరీక్షలో ప్రశ్నలు స్వల్పము. కాని అవి పాఠ్యపుస్తకమున నెన్నడును కానరానివి. కంఠస్థము చేసిన సూత్రములు అచ్చట అక్కరకు రావు. పోల్యాయు ఆ పరీక్షకు గూర్చుండెను. కాని సమాధానపత్రము నీయకయే వెలుపలికి వచ్చెను.

1905లో విశ్వవిద్యాలయమున జేరి, తల్లి కోరికమేర న్యాయశాస్త్రము మొదలిడెను. అది రుచింపక కొలది నెలలకే విడిచిపెట్టెను. పిదప భాషాసాహిత్యములు చదివి, లాటిను, హంగేరియను భాషలు బోధించుటకు యోగ్యతాపత్రము బడసెను. తరువాత తత్త్వశాస్త్రముపై మనసు మరలెను. తత్త్వము చక్కగా బోధపడవలెనన్న భౌతిక గణితశాస్త్రములు నేర్వవలెనని గురువు చెప్పగా, ఆయన గణితమును చేరెను. ఇట్లు చుట్టుదారిని వచ్చినవాడే ఆ రంగమున స్థిరపడెను. 1912లో డాక్టరు పట్టమును పొందెను.

ఉపన్యాసములు వినునప్పుడు ఆయన నొక సందేహము బాధించుచుండెడిది. ఆచార్యుడు నల్లబల్లపై వ్రాయు సాధన నిర్దుష్టముగనే యున్నది. కాని మొట్టమొదట అది యెవనికైనను ఎట్లు తోచినది? పుస్తకములు ఫలితమును చూపుచున్నవే కాని, దానిని చేరిన దారిని చూపుటలేదు. యౌవనమున ఒక ప్రభువు కుమారునకు ఇంటివద్ద పాఠములు చెప్పుచుండగా ఈ సందేహమే వేరొక రూపమున నెదురయ్యెను. ఆ బాలునకు క్రొత్తలెక్కను ఎచట నారంభింపవలెనో తెలియకుండెను. అతని కొరకై పోల్యా ఎన్నో గంటలు ఆలోచించి, లెక్కను సమీపించు పద్ధతి నొకదానిని కూర్పసాగెను.

1914 నుండి స్విట్జర్లాండులోని జూరిచ్చి నగరమున ఆయన అధ్యాపకుడుగ నుండెను. నడుమ ఇంగ్లండునకు బోయి హార్డీ పండితునితో గలసి పనిచేసెను. అప్పుడే మన రామానుజుని నోటుపుస్తకముల ప్రతిని హార్డీవద్ద ఎరువు దెచ్చుకొని, కొలదిదినములలోనే భయపడి తిరిగి యిచ్చివేసెనట! వానిని విడువకున్నచో ఒరుల సిద్ధాంతములు నిరూపించుటతోనే తన జీవితము గడచిపోవునని ఆయన భయము.

ఐరోపాలో యుద్ధము చెలరేగగా 1940లో అమెరికా చేరెను. 1942 నుండి స్టాన్‌ఫర్డు విశ్వవిద్యాలయమున బోధించెను. 1945లో ఆయన చిన్న గ్రంథము హౌ టు సాల్వ్ ఇట్ వెలువడెను. దానిని తొలుత కొందరు ప్రచురణకర్తలు నిరాకరించిరి. తరువాత అది పెక్కు భాషలలోనికి పరివర్తితమై పదిలక్షల ప్రతులకు మించి చెల్లెను.

అందలి లెక్క యొకదానిని అంకెలతో జెప్పిన నిట్లుండును. ఒక గది పొడవు 12 అడుగులు, వెడల్పు 9 అడుగులు, ఎత్తు 8 అడుగులు. నేలపై నొక మూలనుండి, దానికి పూర్తిగా ఎదురుగ పైకప్పున నున్న మూలకు దూరమెంత? విద్యార్థి తెల్లబోవును. ఉపాధ్యాయుడు సూత్రము చెప్పరాదు; కనుగొనవలసినదేమి, ఇచ్చినదేమి అని మాత్రమే అడుగవలెను. పిదప దీనిని బోలిన సులభమైన లెక్క తెలియునా యని ప్రశ్నింపవలెను. అప్పుడు విద్యార్థికి నేల జ్ఞప్తికి వచ్చును. నేలపై మూలనుండి మూలకు గీచిన గీత 15 అడుగులు. అది 12కును 9కిని కర్ణము. ఆ 15 అడుగులును, గోడ ఎత్తు 8 అడుగులును మరియొక లంబకోణ త్రిభుజము నేర్పరచుచున్నవి. దాని కర్ణము 17 అడుగులు. లెక్క ముగిసెనని పుస్తకము మూయుట పోల్యాకు సమ్మతము కాదు. ఎత్తు సున్నయైనచో సమాధానము నేలపై గీతతో సమానము కావలెను గదా! ఇట్లు వెనుదిరిగి చూచుటను ఆయన సాధనలో ఒక భాగముగనే యెంచెను. పరీక్షామందిరమున తరచుగ విడువబడునది ఇదియే.

స్టాన్‌ఫర్డున గణితశాఖకు అధ్యక్షుడైన సెగో పోల్యాకు చిరకాలమిత్రుడు. ఆయనయు హంగరీవాడే, 1912లో ఎట్వెషు పోటీలో గెలిచినవాడు. గెలిచిన సెగోయు, ఉత్తరపత్రము నీయని పోల్యాయు గూడి 1946లో కాలిఫోర్నియా పాఠశాలల విద్యార్థులకై అట్టి పరీక్షనే నెలకొల్పిరి. అందు పరీక్షింపబడినది నేర్చిన విషయముల మొత్తము కాదు, తెలియని లెక్కయెదుట విద్యార్థి ఏమిచేయునన్నది. ఒక ప్రశ్న యిట్టిది: ఒకని చొక్కాకును లాగునకును కలిపి పది జేబులు గలవు, వానివద్ద 44 వెండినాణెములు గలవు. ఏ రెండు జేబులలోను సమానసంఖ్య లేకుండ వానిని సర్దగలడా? దీనికి సూత్రమేదియు లేదు. మిక్కిలి తక్కువ నాణెములతో సర్దిచూచిన చాలును. ఒక జేబు ఖాళీ, తరువాతిదానిలో ఒకటి, ఆ పైదానిలో రెండు, ఇట్లు తొమ్మిదివరకు పోయిన మొత్తము 45 అగును. ఉన్నవి 44. కావున సాధ్యము కాదు.

ఆ పరీక్ష 1965 వరకు నడచెను. పోల్యా 1953లోనే ఉద్యోగము విరమించెను గాని బోధన మానలేదు. 1978లో, తొంబదియేండ్ల వయస్సున, స్టాన్‌ఫర్డున మరల ఒక తరగతికి పాఠములు చెప్పెను. 1985 సెప్టెంబరు 7వ తేదీన కాలిఫోర్నియాలోని పాలో ఆల్టో పట్టణమున ఆయన కాలధర్మము నొందెను.