రోబో కంటె ముందు సోపతి పుట్టింది

రోబో అనంగనే మన పోరలకు సినిమాల చిట్టి యాదికొస్తడు. అది పెద్ద పెద్ద ఇంజినీర్ల పని, మనకెందుకని ఇడ్సిపెడ్తరు. గని గా సదువుకు పునాది ఏసింది ఒక్క ఇంజినీర్లే కాదు తమ్ముల్లారా, చెల్లెల్లారా. లెక్కల సారు, డాక్టరు, కరెంటు పని తెలిసినోడు, బడి సర్టిఫికెట్ గూడ లేని పోరడు ఒక్క బల్ల కాడ కూసొని, బువ్వ తినుకుంట వాదులాడుకుంటె ఎదిగిన సదువు అది. వాళ్లను జమజేసినోళ్లల్ల ముందు చెప్పుకోవాల్సినోడు నోర్బర్ట్ వీనర్. ఆయన సచ్చిపోయి అరవై ఏండ్లు దాటింది. నేను కాలేజీల నేర్సుకున్నోన్ని కాదు, దొరికిన పుస్తకమల్లా సదువుకుంట ఒచ్చినోన్ని. గా సదువుల ఈ మనిషి ముచ్చట నా మనసుల నాటుకున్నది. మిషిన్లు చేసుడు నేర్పిన మనిషే, ఆ మిషిన్ ఎవల కడుపు కొడ్తదని గూడ అడిగిండు.

1894 నవంబర్ 26న అమెరికల మిస్సోరి రాష్ట్రం కొలంబియా టౌన్ల పుట్టిండు. నాయిన లియో, రష్యా రాజ్యం నుంచి బతకనీకి ఒచ్చిన యూదుడు. దొరికిన పనల్లా చేసుకుంట ఎదిగి, ఆఖరికి హార్వర్డ్ యూనివర్సిటీల భాషలు చెప్పే ప్రొఫెసర్ అయిండు. కొడుకుకు ఇంట్లనే సదువు చెప్పిండు, తప్పు చేస్తె తిట్టుకుంట. పోరడు 14 ఏండ్లకే డిగ్రీ, 18 ఏండ్లకే హార్వర్డ్ల డాక్టరేట్ అందుకున్నడు. గని కండ్లు సరిగ్గ కానరావు, చేతిపని రాదు, తోటోళ్లతోటి కలిసుడు కష్టం. 1919ల ఎమ్ఐటిల లెక్కల సారుగ చేరిండు.

అక్కడ ఆయన ఒక్క తాన కూసోకపోతుండె. వరండాలల్ల తిరుక్కుంట, ఎవల గది కనిపిస్తె ఆ గదిలకు పోయి, ఏం చేస్తున్నరని అడుగుతుండె. గట్ల ఏ గదిల ఏం పని నడుస్తున్నదో ఆయనకెరుక.

1930ల నాటికి పక్కనే హార్వర్డ్ డాక్టర్ల కాలేజీల ఇంకో ముచ్చట నడుస్తుండె. మెక్సికో నుంచి ఒచ్చిన ఆర్టురో రోసెన్‌బ్లూత్ అనే డాక్టరు నెలకొక్కసారి అందర్ని బువ్వకు పిలుస్తుండె. గుండ్రటి బల్ల. తిన్నంక ఒకలు తమ పని గురించి చెప్పాలె. మిగిలినోళ్లు మొకమాటం లేకుంట తప్పులు పట్టాలె. వీనర్ గా బల్ల కాడ చేరిండు. ఇద్దరికి పానసోపతి కుదిరింది. ఇద్దరిది ఒక్కటే మాట: సదువుకు సదువుకు నడిమిట్ల పడావు వడ్డ జాగ ఉన్నది, పంట పండేది గక్కడ్నే. గని ఎవల పని వాళ్లకు పూరాగ రావాలె, పక్కోని పని గూడ వాదులాడేటంత తెల్వాలె.

ఇంతల రెండో ప్రపంచ యుద్ధమొచ్చింది. ఆకాశంల పోయే విమానం ఇంకో నిమిషానికి ఏడ ఉంటదో ముందే లెక్కగట్టి తుపాకి తిప్పాలె. వీనర్, జూలియన్ బిగెలో అనే ఇంజినీరు కలిసి గా పనిల దిగిన్రు. గక్కడ వాళ్లకు అసలు కీలకం దొరికింది. మడికి నీళ్లు కట్టే రైతును సూడుర్రి. నీళ్లు ఎంత ఎక్కినయో సూస్తడు, మడువ తీస్తడు, మల్ల సూస్తడు, మూస్తడు. చేసిన పని ఏమైందో సూసుకొని, గదాన్ని బట్టి తర్వాతి పని సరిచేసుడు. ఇంగ్లీషుల ఫీడ్‌బ్యాక్ అంటరు. గని మస్తు ఎక్కువ సరిచేస్తె గూడ ఖతర్నాకే. కొత్తగ సైకిల్ నేర్చే పోరడు హ్యాండిల్ అటిటు గుంజినట్టు మిషిన్ ఊగులాడ్తది.

వీనర్, బిగెలో రోసెన్‌బ్లూత్‌ను ఒక్క సంగతి అడిగిన్రు: మనిషి ఒంట్ల గూడ గిట్ల ఊగులాడే రోగం ఉన్నదా అని. ఉన్నదన్నడు డాక్టరు. చిన్న మెదడు దెబ్బతిన్నోడు గిలాస అందుకోబోతె చెయ్యి అటిటు వణుకుతది. గంతే, మిషిన్ లెక్క, మనిషి నరాల లెక్క ఒక్క తొవ్వల కలిసినయి. 1943ల ముగ్గురు కలిసి వ్యాసం రాసిన్రు. ఆ తుపాకి మిషిన్ మాత్రం యుద్ధంల వాడనే లేదు.

గదే ఏడు ఎమ్ఐటికి వాల్టర్ పిట్స్ అనే పోరడు ఒచ్చిండు. డెట్రాయిట్ల పేదింటోడు, ఇల్లు ఇడ్సి పారిపోయినోడు, లైబ్రరీలల్ల సొంతంగ లెక్కలు నేర్సుకున్నోడు. గసొంటోన్ని వీనర్ పక్కన కూసోబెట్టుకున్నడు.

1948ల సైబర్నెటిక్స్ అనే పుస్తకం అచ్చయింది. పడవ నడిపేటోడు అనే గ్రీకు మాట నుంచి పుట్టిన పేరది. గా దినాలల్లనే ఎమ్ఐటిల గూడ రాత్రి బువ్వల కాడ మీటింగులు నడిచినయి. గక్కడికొచ్చే జెరోమ్ వీస్నర్, హెన్రీ సింగిల్టన్ కలిసి వీనర్ చెప్పినట్టు మూడు గీరెల చిన్న బండి చేసిన్రు. వెలుతురు కనిపెట్టే రెండు కండ్లు, నడిపే మోటర్లు. దీపం సూపెడితె పురుగు లెక్క దాని దిక్కు ఉరుకుతది. వైర్లు మార్చితె నల్లి లెక్క చీకట్లకు పోతది. ఇగ లోపట జోరు పెంచితె డాక్టరు చెప్పిన రోగి చెయ్యి లెక్కనే వణుకుతది. బొమ్మ బండే, గని డాక్టర్లకు, ఇంజినీర్లకు ఇద్దరికి పాఠమైంది.

నాకు ఇంకా పెద్దగ కనపడేది ఆయన తెగువ. జపాన్ మీద బాంబులు పడ్డంక ఆయన మనసు ఇరిగింది. విమానాల కంపెనీల క్షిపణుల మీద పనిచేసే ఒకాయన వీనర్ యుద్ధకాలం కాయితాలు అడిగితె ఇయ్యనన్నడు. గా జవాబును 1947ల పత్రికల అచ్చేయించిండు. సర్కారు పైసలు యూనివర్సిటీలల్లకు వరద లెక్క ఒస్తున్న కాలంల గా మాట అనుడు అల్కటి పని కాదు. 1949ల కార్ల కార్ఖానల కార్మిక సంఘం నాయకుడు వాల్టర్ రూథర్‌కు ఉత్తరం రాసిండు. మనుషులు లేకుంట నడిచే కార్ఖానలు ఒస్తున్నయి, కూలి పోతది, ముందుగాల్నే తయారుగుండుర్రి, నా వంతు సాయం చేస్త అని దాని సారం. మల్లేడు గిదే ముచ్చట మామూలు జనానికి అర్థమయ్యేటట్టు పుస్తకం రాసిండు.

గని ఆ బల్లకు చెదలు గూడ పట్టింది. 1952 నాటికి పిట్స్, మెదడు డాక్టరు వారెన్ మెక్కలక్, వాళ్ల దోస్తులు అందరు ఎమ్ఐటిల చేరిన్రు. అప్పుడే వీనర్ ఉన్నట్టుండి వాళ్లతోటి మాట బందు పెట్టిండు. పిట్స్ తట్టుకోలేకపోయిండు, తను రాసిన కాయితాలు కాలబెట్టుకున్నడు, తాగుడుకు బానిసై 1969ల సచ్చిపోయిండు. బిల్డింగులు, మిషిన్లు అన్ని ఉండె, సోపతి పోయింది. ఇండ్ల వీనర్‌ను నేను ఎనకేసుకరాను.

1955-56ల ఆయన మన దేశమొచ్చి కలకత్త ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్ల పాఠాలు చెప్పిండు. 1961ల కింద పడి తుంటిబొక్క ఇరిగి దవఖానల పండుకున్నడు. గక్కడ గూడ డాక్టర్లతోటి అదే ముచ్చట: చెయ్యి పోయినోనికి, మిగిలిన కండల్ల పుట్టే సన్న కరెంటుతోటి నడిచే చెయ్యి చెయ్యొచ్చు గదా అని. దాన్నుంచే బోస్టన్ ఆర్మ్ పుట్టింది, 1968ల లోకానికి సూపెట్టిన్రు. సూడనీకి ఆయన లేడు. 1964 మార్చి 18న స్టాక్‌హోంల పానం ఇడిసిండు.

1979ల అమెరికల కార్నెగీ మెలన్ యూనివర్సిటీల రోబోటిక్స్ ఇన్‌స్టిట్యూట్ పెట్టినప్పుడు దానికి తొలి డైరెక్టర్ అయింది మన చిత్తూరు జిల్లా కాటూరుల పుట్టిన రాజ్ రెడ్డి. ఊరి పోరలకు ఇది దూరపు సదువు కాదనేతందుకు ఇంకేం సాక్ష్యం గావాలె?

ఇయ్యాల మన పొలాలల్ల డ్రోన్లు మందు కొడ్తున్నయి, నాటేసే మిషిన్లు ఒచ్చినయి. కాలేజీలల్ల రోబో ల్యాబులు పెడ్తున్నరు. గా ల్యాబుల మీరు చేరితె ఒక్క పని చేయుర్రి. మీ బల్ల కాడ ఎవలెవలు ఉన్నరో లెక్కవెట్టుర్రి. కంప్యూటరోళ్లే ఉంటె బోరు మోటర్లు బాగుచేసే మెకానిక్‌ను పిలువుర్రి. దవఖాన నర్సును పిలువుర్రి. నాటేసి నాటేసి నడుం ఒంగిన అవ్వను పిలువుర్రి. మిషిన్ ఏం చెయ్యాల్నో, కైకిలి పోయినోళ్లకు ఏం దారి సూపాల్నో ఆమెతోటి గూడ మాట్లాడుర్రి. ఆమె లేకుంట చేసిన మిషిన్ మంచిగనే నడవొచ్చు, గని అది ఆమె పొట్ట మీదికెల్లి నడుస్తది.