షెర్లాక్ హోమ్స్‌ని పుట్టించిన డాక్టరు

మిష్కిన్ దర్శకత్వంలో విశాల్ నటించిన తుప్పరివాలన్ 2017లో తమిళంలో వచ్చింది. తెలుగులో దాని పేరు డిటెక్టివ్. మా ఇంట్లో అమ్మది తమిళం, నాన్నది తెలుగు కాబట్టి ఒకే సినిమాని రెండు భాషల్లోనూ చూశాం. తమిళంలో హీరో పేరు కణియన్ పూంగుండ్రన్. అది సంగం కాలపు కవి పేరని అమ్మ చెప్పింది. పేరు మనదే గానీ మనిషి మాత్రం లండన్ బేకర్ వీధి నుంచి చెన్నైకి దిగినవాడే. చిన్న గుర్తు చూసి పెద్ద విషయం చెప్పడం, పక్కనే ఓ స్నేహితుడు ఉండడం, ఎవరితోనూ కలవని తిక్క, అన్నీ షెర్లాక్ హోమ్స్‌వే. మన తెలుగులో కొమ్మూరి సాంబశివరావు గారి డిటెక్టివ్ యుగంధర్, ఆయన అసిస్టెంటు రాజు కూడా ఆ జంటకి చుట్టాలే. హోమ్స్ అందరికీ తెలుసు. అతన్ని పుట్టించిన ఆర్థర్ కోనన్ డాయిల్ సంగతే మనలో చాలామందికి తెలీదు.

డాయిల్ 1859 మే 22న స్కాట్లండులోని ఎడిన్‌బరోలో పుట్టాడు. తండ్రి చార్లెస్ బొమ్మలు బాగా వేసేవాడు కానీ తాగుడు వల్ల చెడిపోయి, చివరి రోజులు ఆసుపత్రుల్లోనే గడిపాడు. ఇల్లు లాక్కొచ్చింది తల్లి మేరీ. ఆవిడ కథలు చెప్పడంలో దిట్ట. పిల్లాడికి కథల పిచ్చి పట్టించింది ఆవిడే.

1876లో ఎడిన్‌బరోలో వైద్యం చదవడానికి చేరాడు. అక్కడ జోసెఫ్ బెల్ అనే ప్రొఫెసర్ ఉండేవాడు. రోగి గదిలోకి అడుగు పెట్టగానే, నోరు విప్పక ముందే, అతను ఏ పని చేస్తాడో ఎక్కణ్ణుంచి వచ్చాడో చెప్పేసేవాడు. ఇదేం మాయ కాదు. మన అరక్కోణం ప్లాట్‌ఫారం మీద కాసేపు నిలబడితే మనమూ చెప్పగలం. చంకలో పెద్ద ఎక్స్‌రే కవరు ఉంటే వేలూరు ఆసుపత్రి, గుండు మీద చందనం ఉంటే తిరుపతి. బెల్ గొప్ప ఏమిటంటే, చూసినదాన్ని చూసినట్టు వదలకుండా దాని వెనక కారణం వెతకడం. డాయిల్ ఆయన దగ్గర గుమాస్తాగా పనిచేశాడు. హోమ్స్‌కి విత్తనం అక్కడే పడింది.

చదువు మధ్యలో 1880లో తిమింగలాల వేటకి వెళ్ళే ఓడలో డాక్టరుగా ఆర్కిటిక్ సముద్రానికి వెళ్ళాడు. చదువయ్యాక మరో ఓడలో పశ్చిమ ఆఫ్రికాకి వెళ్ళొచ్చాడు. 1882లో పోర్ట్స్‌మత్ దగ్గర సౌత్‌సీలో బోర్డు పెట్టి కూర్చున్నాడు. పేషెంట్లు పెద్దగా రాలేదు. ఖాళీగా కూర్చోలేక కథలు రాశాడు. అలా 1886లో రాసిన నవల మరుసటి ఏడాది క్రిస్మస్ సంచికలో అచ్చయింది. హోమ్స్ మొదటిసారి కనిపించింది అందులోనే. దాని మీద హక్కులన్నీ కేవలం 25 పౌండ్లకి అమ్మేసుకున్నాడు పాపం!

1891లో స్ట్రాండ్ పత్రికలో కథలు మొదలయ్యాక దశ తిరిగింది. కానీ డాయిల్‌కి తన చారిత్రక నవలల మీదే ప్రేమ. హోమ్స్ తనని మింగేస్తున్నాడని 1893లో స్విట్జర్లండులోని ఒక జలపాతం దగ్గర అతన్ని చంపేశాడు. వేలమంది పాఠకులు కోపంతో పత్రికకి చందా మానేశారని చెబుతారు. 1903లో హోమ్స్‌ని బతికించక తప్పలేదు. మొత్తం మీద నాలుగు నవలలు, 56 కథలు అయ్యాయి.

ఇంతవరకూ రచయిత కథ. డాయిల్ తానే డిటెక్టివ్ అయిన కథ ఇంకొకటి ఉంది, అందులో మనవాడొకడు ఉన్నాడు.

షాపుర్‌జీ ఎడల్జీ బొంబాయి నుంచి వెళ్ళిన పార్శీ. క్రైస్తవుడిగా మారి, ఇంగ్లండులోని గ్రేట్ వైర్లీ అనే పల్లెలో చర్చి గురువయ్యాడు. కొడుకు జార్జ్ లాయరు. రైలు ప్రయాణికుల హక్కుల మీద చిన్న పుస్తకం కూడా రాశాడు. మనలాంటి రైల్వే ఊరివాళ్ళకి పనికొచ్చే మనిషి! 1903లో ఆ చుట్టుపక్కల ఎవరో రాత్రిళ్ళు గుర్రాల్నీ పశువుల్నీ కోసి చంపుతున్నారు. ఆకాశరామన్న ఉత్తరాలు కూడా వచ్చాయి. పోలీసులు నల్లగా ఉన్న ఈ లాయర్ని పట్టుకున్నారు. ఏడేళ్ళ శిక్ష పడింది. మూడేళ్ళ తర్వాత ఎందుకో చెప్పకుండానే విడిచిపెట్టారు. నేరం మచ్చ మాత్రం పోలేదు, ప్లీడరీ చేసుకోనివ్వలేదు.

తుప్పరివాలన్‌లో ఒక స్కూలు పిల్లాడు తన కుక్కని ఎవరు చంపారో కనుక్కోమని వస్తాడు, కేసు అక్కణ్ణుంచి మొదలవుతుంది. ఇక్కడా అంతే, మూగజీవాల దగ్గర మొదలై మనిషి బతుకు దాకా వచ్చింది. 1907 జనవరిలో డాయిల్ అతన్ని లండన్‌లో ఒక హోటల్లో కలిశాడు. కాస్త ఆలస్యంగా వచ్చి దూరం నుంచి చూస్తే, జార్జ్ పేపరుని కళ్ళకి ఆనించుకున్నంత దగ్గరగా, పక్కకి తిప్పి చదువుకుంటున్నాడు. డాయిల్ కళ్ళ వైద్యం కూడా చదివినవాడు కదా, సంగతి అప్పుడే అర్థమైంది. ఇంత చూపు లేనివాడు చీకట్లో పొలాలూ రైలు పట్టాలూ దాటి వెళ్ళి గుర్రాన్ని కోసి రావడం సాధ్యమా? పత్రికలో వరసగా రాసి దేశాన్ని కదిలించాడు. ఆ ఏడాదే క్షమాపణ వచ్చింది, పరిహారం మాత్రం పైసా ఇవ్వలేదు. జార్జ్ మళ్ళీ లాయరయ్యాడు. క్రిమినల్ కేసుల్లో అప్పీలు చేసుకునే కోర్టు ఇంగ్లండులో ఆ 1907లోనే ఏర్పడింది. దాని వెనక ఈ కేసు ఒత్తిడి కూడా ఉంది. తర్వాత ఆస్కార్ స్లేటర్ అనే ఇంకో నిర్దోషి కోసం కూడా డాయిల్ ఏళ్ళ తరబడి పోరాడాడు. 1928లో ఆ శిక్ష కొట్టేశారు.

ఇక్కడితో ఆపేస్తే ఇది గొప్పవాళ్ళ పాఠంలా ఉంటుంది. కానీ డాయిల్ మొదటి భార్య లూయీసా క్షయతో 1906లో పోయింది. కొడుకు కింగ్స్‌లీ యుద్ధంలో గాయపడి, 1918లో జబ్బుచేసి చనిపోయాడు. చచ్చిపోయినవాళ్ళు మనతో మాట్లాడతారనే నమ్మకం డాయిల్‌కి అప్పటికే ఉంది, తర్వాత ఊరూరా తిరిగి అదే ప్రచారం చేశాడు. 1917లో కాటింగ్లీ అనే ఊళ్ళో ఎల్సీ, ఫ్రాన్సిస్ అనే ఇద్దరు ఆడపిల్లలు కాగితం మీద దేవకన్యల బొమ్మలు వేసి, కత్తిరించి, పిన్నులతో నిలబెట్టి ఫోటోలు తీశారు. హోమ్స్‌ని పుట్టించినాయన అవి నిజమని నమ్మి 1922లో ఏకంగా పుస్తకం వేశాడు! ఆ పిల్లలు ముసలివాళ్ళయ్యాక 1983లో గానీ అసలు సంగతి చెప్పలేదు. డాయిల్ 1930 జూలై 7నే పోయాడు కాబట్టి ఆయనకి తెలీనే లేదు.

ఈ రెండు కథలూ పక్కపక్కన పెట్టి చూస్తే నాకు ఒకటే అనిపిస్తుంది. పోలీసులు జార్జ్ రంగు చూసి ముందే తీర్మానించుకున్నారు, అందుకే అతనికి చూపు ఎంత తక్కువో వాళ్ళకి కనపడలేదు. డాయిల్ పోయినవాళ్ళు ఎక్కడో ఉన్నారని ముందే నమ్మాడు, అందుకే కాగితం అంచులు కనపడలేదు. ఒకటి ద్వేషం, ఇంకోటి దుఃఖం. రెండూ చూపుని ఒకేలా కమ్మేస్తాయి. ఇక్కడ తెలుగు మాట్లాడితే ఏ ఊరని అడుగుతారు, తిరుపతి వెళ్తే మన యాస విని అరవమ్మాయా అంటారు. ఒక్క మాట వినగానే మనిషిని తేల్చేయడం మనకీ తెలుసు, మనమూ చేస్తాం. జార్జ్ ఎడల్జీ బతుకు నిలబడింది మాత్రం, ఒకాయన తేల్చేసే ముందు కాసేపు ఆగి, అతను పేపరు ఎలా పట్టుకున్నాడో చూడబట్టే.