పంపు ఎక్కడ వేయాలి?
(డాక్టర్ మేబెల్ ఆరోలే జీవితం)

స్వర్ణోత్సవ సంచిక కోసం నాకు నచ్చిన ఒక మహనీయుల జీవితం గురించి రాయమని సంపాదకవర్గం మిత్రులు అడిగారు. మన బడి గోడల మీద పటాల్లో ఉన్న పెద్దల గురించి నాకంటే బాగా రాయగల మాస్టార్లు ఉన్నారు. అందుకని ఏ పటంలోనూ లేని ఒక డాక్టరమ్మ గురించి రాస్తాను. నేను గ్రామీణ నీటి సరఫరాలో పనిచేసే ఇంజనీరుని. డాక్టరు కథ నీకెందుకు అంటారేమో! ఆమె నాకు తెలిసింది ఒక చేతిపంపు వల్ల.

మేబెల్ 1935లో జబల్‌పూర్‌లో పుట్టారు. ఆమె తండ్రి వేదాంత కళాశాలలో ఆచార్యులు. ఇంట్లో చదువుకు లోటు లేదు. వెల్లూరు క్రిస్టియన్ మెడికల్ కాలేజీలో వైద్యం చదివారు. అక్కడే రజనీకాంత్ ఆరోలేతో పరిచయమైంది. ఆయనది మహారాష్ట్రలోని అప్పటి అహ్మద్‌నగర్ జిల్లా. పల్లె కష్టం చూస్తూ పెరిగిన మనిషి. 1960లో ఇద్దరికీ పెళ్ళయింది. వైద్యం అందని పల్లెల్లోనే జీవితం గడపాలని అప్పుడే అనుకున్నారు. అలా అనుకునే వాళ్లు చాలామందే ఉంటారు. చివరిదాకా ఆ మాట మీద నిలబడిన వాళ్లు తక్కువ.

మొదట అదే జిల్లాలోని వడాల ఆసుపత్రిలో పనిచేశారు. పేరు వచ్చింది, రోగులు పెరిగారు. కానీ కొన్నాళ్లకు ఇద్దరికీ ఒక సంగతి అర్థమైంది. నయమై ఇంటికి వెళ్లిన పిల్లవాడే నెల తిరక్కుండా అదే విరేచనాలతో మళ్ళీ వస్తున్నాడు. వచ్చే జబ్బుల్లో ఎక్కువ భాగం అసలు రాకుండా ఆపగలిగినవే. ఆసుపత్రి ఎంత పెద్దదైనా జబ్బు పుట్టే చోటు ఊళ్లోనే ఉంది. ఈ చిక్కు విప్పడానికి వాళ్లు అమెరికా వెళ్లి, జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయంలో ప్రజారోగ్యం చదువుకున్నారు. చదువయ్యాక అక్కడ ఉండిపోలేదు. 1970లో అదే జిల్లాలో వానలు సరిగా పడని, రోడ్లు సరిగా లేని జామ్‌ఖేడ్ అనే మారుమూల ప్రాంతానికి వచ్చారు. ఊరిపెద్దలు చూపించిన పాత పశువైద్యశాలలో పని మొదలుపెట్టారు.

ఊళ్లు తిరిగి, మీకేం కావాలని అడిగితే ఆరోగ్యమని ఎవరూ అనలేదట. తిండి, నీళ్లు కావాలన్నారు. మహారాష్ట్రను 1972 కరువు పట్టిపీడిస్తున్న రోజులవి. డాక్టర్లు స్టెతస్కోపు పక్కనపెట్టి ముందు ఆ రెండింటి పనీ చూశారు. పసిపిల్లలకు ఊళ్లోనే వంట చేసి పెట్టే ఏర్పాటు చేశారు. కులాలు వేరైన కుర్రాళ్లు ఒకచోటికి రావడం కోసం రజనీకాంత్ వాళ్లతో వాలీబాల్ ఆడేవారు. ఆట అయ్యాక కూర్చుని మాట్లాడుకోవడం అలవాటై, అవే రైతు సంఘాలయ్యాయి. తర్వాత మహిళా మండళ్లు వచ్చాయి.

బోర్లు వేసే సమయం వచ్చింది. నీళ్లు పడే చోటు వెతికేటప్పుడు దళితవాడలోనే బోరు పడేలా ఆరోలే దంపతులు చూశారు. దాంతో నీళ్లు కావాలంటే పెద్దకులాల ఇళ్లవాళ్లు కూడా బిందె పట్టుకుని అక్కడికి రావలసి వచ్చింది. అంటరానితనం గురించి వంద ఉపన్యాసాలు చేయలేని పని ఒక పంపు చేయడం మొదలుపెట్టింది.

ఇక్కడ ఆగి, నా తప్పు ఒకటి ఒప్పుకోవాలి. నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక ఊళ్లో బోరు వేయించాను. రిగ్గు లారీ పోవడానికి దారి బాగుంది, నీళ్లు పడతాయని రిపోర్టు వచ్చింది, స్థలం ఇస్తామన్నవాళ్లు పెద్దమనుషులు. నీళ్లు బాగా పడ్డాయి. కొబ్బరికాయ కొట్టాం, ఫొటో దిగాం. ఏడాది తర్వాత అటు వెళ్తే, ఎస్సీ కాలనీ ఆడవాళ్లు ఇంకా వాగులో చెలమ తవ్వుకుంటున్నారు. పంపు ఉన్నది పెద్దమనుషుల గుమ్మం ముందు. అక్కడికి వాళ్లు రాలేరు, ఎవరైనా తోడి పోస్తే పట్టుకోవాలి. నా కొలతల పుస్తకంలో లోతు, కేసింగు, గంటకు ఎన్ని లీటర్లు, అన్నీ సరిగ్గా ఉన్నాయి. ఆ ఊళ్లో ఎవరు ఎవరి గుమ్మం తొక్కగలరో రాసే గడి అందులో లేదు. తర్వాత కొన్నాళ్లకు ఒక శిక్షణ తరగతిలో, ఆరోలే దంపతులు 1994లో తమ అనుభవాలతో వెలువరించిన పుస్తకం నా చేతికొచ్చింది. పంపుల సంగతి చదివిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

జామ్‌ఖేడ్‌లో మేబెల్ చేసిన పనుల్లో అన్నిటికంటే గొప్పది మరొకటి ఉంది. మొదట్లో చదువుకున్న నర్సులను ఊళ్లకు పంపారు. వాళ్లు రాత్రిపూట ఊళ్లో ఉండటానికి భయపడ్డారు, ఊరివాళ్లు వాళ్లను తమవాళ్లనుకోలేదు. అప్పుడు ఊరే తనలోనుంచి ఒక ఆడమనిషిని ఎంచుకునే పద్ధతి వచ్చింది. అలా వచ్చిన వాళ్లలో చాలామంది అక్షరం రానివాళ్లు, నడివయసువాళ్లు, దళితులు. కొందరిని భర్తలు వదిలేశారు. వారం వారం జామ్‌ఖేడ్ వచ్చేవారు. కులంతో పనిలేకుండా కలిసి వండుకుని, కలిసి తిని, కలిసి పడుకునేవారు. వాళ్ల మధ్య నేల మీద కూర్చుని మేబెల్ పాఠం చెప్పేవారు. గర్భిణిని ఎలా పరీక్షించాలి, శుభ్రమైన చేతులతో కాన్పు ఎలా చేయాలి, బిడ్డ బరువు ఎలా చూడాలి, విరేచనాలైతే ఉప్పు, చక్కెర కలిపిన నీళ్లు ఎలా పట్టాలి, కుష్ఠు మచ్చను ఎలా గుర్తుపట్టాలి, ఇవీ ఆ పాఠాలు. వాటికంటే ముందు చెప్పాల్సిన పాఠం ఇంకొకటి ఉండేది. నేనెందుకూ పనికిరాను అనుకునే మనిషిలో ఆ మాటను పోగొట్టడం. మేబెల్ ఎక్కువ ఓపిక ఖర్చుపెట్టింది దానిమీదే.

తన చేతిలోని విద్యను చదువురాని వాళ్లకు పంచితే డాక్టరు గొప్పతనం తగ్గదా అని సాటి డాక్టర్లలో అనుమానపడినవాళ్లు ఉండే ఉంటారు. మా ఇంజనీర్లలోనూ ఆ జబ్బు ఉంది. పంపు బాగుచేయడం ఊళ్లో ఒకరికి నేర్పితే మన అవసరం తీరిపోతుందని లోపల ఒక భయం. మేబెల్‌కు ఆ భయం లేదు. ఆసుపత్రి ఉండనే ఉంది, ఆపరేషన్లు జరిగేవి. స్థానికులే నేర్చుకుని అక్కడ జైపూర్ కాళ్లు కూడా తయారుచేశారు. కానీ ఊళ్లో తీరే జబ్బు ఊళ్లోనే తీరాలన్నది ఆమె పట్టుదల.

ఫలితం అంకెల్లో కనిపించింది. 1971లో అక్కడ పుట్టిన ప్రతి వెయ్యిమంది బిడ్డల్లో 176 మంది ఏడాది నిండకుండానే చనిపోయేవారు. 1976 నాటికి ఆ సంఖ్య 52కు తగ్గింది. 1975లో ప్రపంచ ఆరోగ్య సంస్థ వెలువరించిన ఒక పుస్తకంలో జామ్‌ఖేడ్ అనుభవం చోటుచేసుకుంది. 1978లో ఆల్మా ఆటాలో ప్రపంచ దేశాలు అందరికీ ఆరోగ్యం అని తీర్మానించుకునే నాటికి, అది సాధ్యమేనని చూపిన కొద్ది చోట్లలో జామ్‌ఖేడ్ ఒకటి. 1979లో ఆరోలే దంపతులకు రామన్ మెగసెసే పురస్కారం వచ్చింది. దేశదేశాల డాక్టర్లు ఆ పల్లెలకు నేర్చుకోవడానికి వచ్చేవారు. వాళ్లకు పాఠం చెప్పే వాళ్లలో ఒకప్పుడు అక్షరం రాని ఆ ఆడవాళ్లూ ఉండేవారు.

మేబెల్ 1999లో కన్నుమూశారు. ఆమె పోయినా పని ఆగలేదు. రజనీకాంత్ 2011లో పోయేదాకా కొనసాగించారు, తర్వాత పిల్లలు అందుకున్నారు. ఊళ్లలోని ఆడవాళ్లు మాత్రం ఎవరి కోసమూ ఆగలేదు. 2005 నుంచి దేశమంతా వచ్చిన ఆశా కార్యకర్తల పథకం వెనక ఉన్న అనుభవాల్లో జామ్‌ఖేడ్ కూడా ఉంది. మన మండలంలో సంచి భుజాన వేసుకుని ఇంటింటికీ తిరిగే ఆశా అమ్మాయిని చూసినప్పుడల్లా నాకు మేబెల్ గుర్తొస్తారు.

చివరగా మన సంఘం సంగతి. స్వర్ణోత్సవం సందర్భంగా చుట్టుపక్కల ఊళ్లలో ఒకరోజు ఉచిత వైద్య శిబిరం పెడదామని మనం అనుకున్నాం. మంచి ఆలోచనే, నా వంతు చందా ఇచ్చాను. కానీ శిబిరం సాయంత్రానికి షామియానా విప్పేస్తారు. మర్నాడు విరేచనాలు పట్టుకున్న బిడ్డను చూసేవాళ్లెవరు? ఆ డబ్బులో సగం పక్కనపెట్టి, ఊరికొకరిని ఊరివాళ్లనే ఎంచుకోమని, వాళ్లకు ఏడాదిపాటు నెలకోసారి మన బడిలోనే మన డాక్టరు మిత్రుల చేత శిక్షణ ఇప్పిద్దామని నా మనవి. ఆశా కార్యకర్తలకు, ఏ.ఎన్.ఎం.లకు వాళ్లు తోడుగా ఉంటారు. చేతిపంపుల రిపేరు నేర్పే బాధ్యత నాది. పదవీ విరమణ దగ్గరపడుతోంది, ఆదివారాలు ఖాళీయే.

ఆ పాత ఊళ్లో బోరు సంగతి అడుగుతారేమో. కొన్నేళ్లకు కాలనీలో ఇంకొకటి వేయించగలిగాను. ఈసారి స్థలం చూపించింది వాగులో చెలమ తవ్విన ఆడవాళ్లే.